దొర భుజాలు చూసి నవ్విన గురువారాలు

ఎడారిలోని చమురు ఊరు దుఖాన్‌లో పనిచేసిన తొమ్మిదేళ్లూ నా డైరీల్లో గురువారం కింద దాదాపు ఒకటే మాట: "సినిమా చూశాను. నవ్వు రాలేదు." ఒక్క గురువారం కింద మాత్రం మూడు పేజీలు రాసుకున్నాను.

చమురు ధర పెరిగి, ఎటు చూసినా కొత్త ట్యాంకులు లేస్తున్న రోజులు. నేను మెయింటెనెన్స్ ఆఫీసులో గుమాస్తాను. శుక్రవారం సెలవు కనుక గురువారం పొద్దు గుంకగానే క్లబ్బు వెనక తెల్లగుడ్డ కట్టి సినిమా వేసేవారు. మా సూపరింటెండెంటు దొరకు ఒక్క ఇంగ్లీషు హాస్యగాడంటేనే ప్రాణం. అందుకని ఎప్పుడూ అతని సినిమాలే. అతను నిచ్చెన మీంచి పడతాడు, రంగు డబ్బాలో కాలు పెడతాడు, లేచి టోపీ దులుపుకుంటాడు. మళ్లీ పడతాడు. మా సంతలో కోతిని ఆడించేవాడికి ఇంతకంటే ఎక్కువ విద్యలు వచ్చు.

అంతకంటే రోత మా నవ్వు. ముందు కుర్చీల్లో దొరలు, వెనక బల్లల మీద మేము, ఆ వెనక ఇసుకలో కూలీలు. మాలో చాలామంది తెర చూసేవారు కాదు, దొర భుజాలు చూసేవారు. అవి ఊగాయంటే బల్లలన్నీ గొల్లుమనేవి. డిగ్రీలు చదివినవాళ్లం! నేనూ పళ్లు బయటపెట్టేవాణ్ణి.

హాస్యగాడి బతుకంతా దొర మాకు కథలా చెప్పేవాడు. తల్లీతండ్రీ లేరట, రేవులో మూటలు మోశాడట. "పడటమంతా నిజంగానే పడతాడు. ఒంట్లో విరగని ఎముక లేదు. అందుకే మాకు అంత ప్రేమ" అనేవాడు, కళ్లు తడిచేసుకుని.

ఒక ఏడు జగిత్యాల వైపు నుంచి వచ్చిన పరంజా పనివాడొకడు ట్యాంకు దగ్గర నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అతన్ని టూల్ స్టోరులో కూర్చోబెట్టడమా, ఇంటికి పంపడమా అన్న ఫైలు దొర బల్ల మీద ఉంది. శనివారం సంతకం. ఒంట్లో విరగని ఎముక లేనివాణ్ణి ప్రేమించే దొర, ఒక్క ఎముక విరిగినవాడి గురించి పది రోజులుగా ఆలోచిస్తున్నాడు.

ఆ గురువారం కట్టుకాలు చాపుకుని అతను మా బల్ల వెనకే ఇసుకలో కూర్చున్నాడు. తెర మీద హాస్యగాడు నిచ్చెన మీంచి దబ్బున పడ్డాడు. దొర భుజాలు ఇంకా కదలలేదు. వెనక నుంచి అతనొక్కడే పకపకా నవ్వాడు. అందరి తలలూ తిరిగాయి.

"ఏంటయ్యా, అంత నవ్వు?" అన్నాను.

"నవ్వకేం జేయాలె సార్! గాయినకు కింద పరుపేసి పడుమంటున్నరు. నాకు సిమెంటు గచ్చు పెట్టిన్రు. గసొంటి పరుపేస్తె నేను సుత దినాం రెండుసార్లు పడుత."

పక్కనున్న హైదరాబాదీ డ్రైవరు, "చుప్ బైఠో భయ్, యల్లా! నౌకరీ పోతుంది" అని గదిమాడు.

దొర నావైపు చూశాడు. "ఏమంటున్నాడు?"

"ఇంత గొప్ప నటుణ్ణి పుట్టాక చూడలేదట సార్. కాలు నొప్పి కూడా మరిచిపోయాడట."

దొర ముఖం వెలిగిపోయింది. శనివారం పొద్దున్నే ఫైలు మీద సంతకం పడింది. టూల్ స్టోరు. నా తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ మరుసటి గురువారం ముందు వరుసలో, దొర పక్కన ఒక కుర్చీ అదనంగా వేశారు. "నా నేస్తాన్ని పిలవండి" అన్నాడు దొర. అతను కుంటుకుంటూ వెళ్లి కూర్చున్నాడు. హాస్యగాడు పడ్డ ప్రతిసారీ దొర అతని తొడ మీద చరిచేవాడు. అతను నవ్వాలి.

సినిమా అయ్యాక నా దగ్గరికి వచ్చాడు. "నేనన్నదేంది, నువ్వు చెప్పిందేంది సార్? డ్రైవరు భాయ్ అంత చెప్పిండు."

"ఉద్యోగం నిలబడింది కదయ్యా!"

"నిలవడ్డది. గా మాట నేను కాదంటలేను. కని వారం వారం గట్ల పడేటోన్ని చూస్కుంట నవ్వుడు నీతోనైతదా?"

అతను ఇంకో రెండేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాడు. నేను దొర భుజాలు చూడటం మానేసి అతని భుజాలు చూసేవాణ్ణి. నవ్వు వినిపించేది. భుజాలు కదిలేవి కావు.