నలభై మూడో ఖాతా

ఆసుపత్రిలో ఆమెను అందరూ తాళాల కోడలు అంటారు. నిజానికి ఆమె చేత్తో పట్టిన తాళం ఒక్కటీ లేదు. రోగుల వివరాలన్నీ ఇప్పుడు ఎక్కడో దూరాన అద్దెకు తీసుకున్న కంప్యూటర్లలో, అంటే క్లౌడ్‌లో ఉంటాయి. వాటిని ఎవరు తెరవచ్చో, ఎవరు తెరవకూడదో తేల్చడం ఆమె పని. ఇక కోడలెందుకంటారా, అదే ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు రికార్డుల గదిని ఏలిన పెద్దాయనకు ఆమె కోడలు మరి.

ఆమె చేసిన పనులు చెప్పి తీరాలి. వార్డు మొత్తానికీ ఒకే పాస్‌వర్డు, అదీ గోడ మీద అంటించి ఉండేది. ఆ అలవాటు మాన్పించింది. ఫోనుకొచ్చే అంకెలు కూడా కొడితేనే రికార్డులు తెరుచుకునేలా చేసింది. పెద్ద డాక్టరు "నాకు కూడానా?" అని కళ్లెర్రజేస్తే, "ముందు మీకే సార్" అంది. రికార్డులన్నిటికీ వేరేచోట నకళ్లు పెట్టించింది. రెండేళ్లలో ఇంత పని చేసినవాళ్లుంటే ముందుకు రమ్మనండి!

మిగిలినవి రిటైరైనవాళ్ల ఖాతాలు. పాతవాళ్ల మీద గౌరవంతో అక్కడ వాటిని తీసేసేవారు కాదు. అలాంటివి నలభై మూడు. శుక్రవారం తనిఖీవాళ్లు వస్తారు. బయటివాళ్లెవరికీ దారి లేదని ఆమె సంతకం చేసివ్వాలి. అది తప్పని తేలితే ఉద్యోగం ఊడుతుంది. నలభై రెండు మూసేసింది. నలభై మూడోది మామగారిది. ఆయన రోజూ పొద్దున్నే టాబ్లెట్‌లో ఏ వార్డులో ఎందరు చేరారో చూసుకుంటే గానీ కాఫీ ముట్టరు.

గురువారం పొద్దున ఉన్నమాట చెప్పేసింది.

"మామయ్యా, ఇవాళ మీది మూసేస్తున్నాను."

"నన్నే గెంటేస్తావా అమ్మాయ్? నా హయాంలో ఒక్క కాగితం పోయిందా?"

"పోలేదు. బయటివాళ్లకు ఎప్పుడైనా గది తాళంచెవి ఇచ్చారా?"

"తల తీసినా ఇవ్వను!"

"మరి ఇప్పుడు మీరూ బయటివారేగా."

వంటింట్లోంచి అత్తగారు కిసుక్కున నవ్వారు. "అడిగి మరీ చెప్పించుకున్నారు!"

పెద్దాయన ముఖం గంటు పెట్టుకున్నారు. ఆమె లాప్‌టాప్ తీసి, ఆయన ఎదుటే ఖాతా మూసేసి ఆఫీసుకు వెళ్లింది.

తనిఖీ కాగితం ముందు పెట్టుకుని కలం తీసిందో లేదో, ఫోను మోగింది.

"ఏమ్మా, నాలుగో వార్డులో ఇవాళ ఆరుగురు చేరారు. అవునా?"

"మీకెలా తెలుసు మామయ్యా?"

"ఎంత గట్టిగా మూశావో చూద్దామని టాబ్లెట్ తీశాను. తలుపు బార్లా తెరిచే ఉంది."

ఆమె కలం పక్కన పడేసి లాప్‌టాప్ తెరిచింది. వెతికితే తేలింది. కొత్తగా ఎవరూ లోపలికి రాకుండా మూసింది గానీ, అప్పటికే లోపల ఉన్నవాళ్లను బయటికి పంపలేదు. ఆ టాబ్లెట్ నెలల తరబడి లోపలే తిష్ఠ వేసుకుని ఉంది. మిగతా నలభై రెండూ తిరగేస్తే, ఇంకో పదకొండు ఖాతాలదీ అదే కథ.

సాయంత్రంలోగా అందరినీ బయటికి పంపింది. ఇకమీదట ఖాతా మూసిన మరుక్షణం లోపలున్నవాళ్లూ బయటపడేలా కట్టుదిట్టం చేసింది. అప్పుడు ఇంటికి ఫోను చేసింది.

"మామయ్యా, ఇప్పుడు చూడండి."

టాబ్లెట్ అద్దం మీద వేలి టకటకలు వినిపించాయి.

"రానివ్వడంలేదు. ఉండు, మీ అత్తయ్య ఫోన్లోంచీ చూస్తా." మళ్లీ టకటకలు. "ఊహూ. దీన్లోనూ లేదు."

"మామయ్యా, మీకు పొద్దున్నే..."

"నా సంగతి వదిలెయ్. ఇక సంతకం పెట్టు. తారీఖు మర్చిపోకు, మీ కాలంవాళ్లకు అదొక జబ్బు."

తాళాల కోడలు ముందు తారీఖు వేసి, తర్వాత సంతకం పెట్టింది.