అక్క చెరిపేసిన ప్రోగ్రాం

నా చిన్నప్పటి సంగతి ఇది. మా ఊరు డుంబ్రిగుడ దగ్గర. అరకులోయలో హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతుండేదాన్ని. ఊళ్లో మా పక్కింటి అక్క విశాఖపట్నంలో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చి, అరకు సంతకు పోయే దారిలో ఒక గది తీసుకుని పిల్లలకు నేర్పేది. ఆదివారాలు నన్నూ కూర్చోబెట్టేది.

మా వార్డెనమ్మకు అది నచ్చలేదు. పదో తరగతి ముంచుకొస్తుంటే ఈ ఆటలేమిటని ఆవిడ బాధ. చివరికి, వచ్చే ఆదివారం స్వయంగా వచ్చి చూస్తానని, పనికిరానిదైతే మాన్పించేస్తానని చెప్పింది. నేను శనివారం సాయంత్రమే అక్క గదికి వెళ్లి, అక్కడున్న పుస్తకంలో చూసి, హాస్టల్ పిల్లల పేర్లను అక్షరక్రమంలో పేర్చే ప్రోగ్రాం టైపు చేశాను. అది నడిచింది. నా సంతోషం ఇంతా అంతా కాదు.

ఆదివారం పొద్దున అక్క దాన్ని చూసి, ఈ లైను ఎందుకు రాశావని అడిగింది. పుస్తకంలో అలాగే ఉందన్నాను. అక్క వెంటనే అంతా చెరిపేసి, పుస్తకం తన ఒళ్లో పెట్టుకుంది.

"ఏటక్కా ఇలాగ సేసినావు? మేడమ్ వచ్చెత్తాది!" నాకు ఏడుపొచ్చింది.

"అది పుస్తకం రాసింది గుంటా, నువ్వు రాసింది కాదు. బేగి కూకో. ప్రేయర్లో మిమ్మల్ని పొడుగుని బట్టి ఎలాగ నిలబెడతారో సెప్పు."

ఏడుస్తూనే చెప్పాను. పక్కపక్కన ఉన్న ఇద్దరిని చూస్తారు. ముందున్న పిల్ల పొడుగైతే ఇద్దరినీ తారుమారు చేస్తారు. అలా వరస చివరిదాకా వెళ్లి, ఎవరూ మారనక్కరలేని దాకా మళ్లీ మళ్లీ చూస్తారు. చెబుతుండగానే నాకు వెలిగింది. పుస్తకంలోని లైన్లు చేస్తున్న పని అదే! ఈసారి ఎక్కడా చూడకుండా రాశాను. తప్పులొచ్చాయి, దిద్దుకున్నాను.

వార్డెనమ్మ వచ్చి తెర మీద పేర్లు చూసింది. "బాగానే ఉంది. మరి ఇది పిల్లల్ని పొడుగు ప్రకారం పేర్చగలదా?" అంది.

అక్క వైపు చూశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. పొద్దున చెరిపేసిన ప్రోగ్రామే ఉంటే నేను నోరు తెరిచేదాన్ని కాదు. ఇప్పుడు మాత్రం ఎక్కడ మార్చాలో తెలుసు. పేర్ల పక్కన పొడుగులు వేసి, పేర్లకు బదులు వాటిని పోల్చమన్నాను. పొట్టిపిల్ల మొదలుకుని మా హాస్టల్ వరస అంతా తెర మీద నిలబడింది. ఆవిడ నవ్వేసింది. "ఆదివారాలు తప్పకుండా నేర్చుకో అమ్మా. నేనే పంపిస్తాను."

తరువాత ఆ పనే నా ఉద్యోగమైంది. నేర్చిన కంప్యూటర్ భాషలు పాతబడ్డాయి, కొత్తవి వచ్చాయి, ఏదీ నన్ను భయపెట్టలేదు. కొత్తగా చేరిన పిల్లలు ఏ భాష నేర్చుకుంటే మంచి భవిష్యత్తు ఉంటుందని అడుగుతుంటారు. ఏదైనా పరవాలేదంటాను. నడిచిన ప్రోగ్రాంను ఒకసారి పక్కన పెట్టి, చూడకుండా మళ్లీ రాయమంటాను. ఇప్పటికీ నేను కొత్తది ఏది నేర్చుకున్నా, అలా రాయగలిగిన రోజునే అది నాకు వచ్చిందని నమ్ముతాను.