చేతి మీది మహబూబ్‌నగర్

మా మేనత్త పోయింది. మొన్న సోమవారం పొద్దున జొన్నరొట్టె చేస్తూ చేస్తూ పొయ్యి ముందే ఒరిగిపోయిందట. నేను కోస్గి అంగడిలో ఉంటే మా తమ్ముడు పరుగెత్తుకొచ్చి చెప్పాడు. చెప్పి, ఆ ఏడుపులోనే, "అన్నా, మరి నా చెయ్యి?" అన్నాడు. లెంపకాయ కొట్టబోయి ఆగాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ ముందు తట్టింది అదే.

ఆ చేతి సంగతి చెప్పకుండా మా అత్త సంగతి చెప్పలేను. మా పల్లెలో మా ఇళ్ళకు భూమి లేదు, దొర గడీలో వెట్టి మాత్రం ఉంది. అందుకే మీసం మొలవగానే పిల్లలు తాండూరు దాకా నడిచి, రైలెక్కి బొంబాయి పోయేవాళ్ళు. అక్కడా మోసేది రాళ్ళే, తవ్వేది మట్టే. కాకపోతే పొద్దుగూకితే ఎవడూ పిలవడు.

ఒక ఏడు అక్కడ ఏదో సమ్మె జరిగింది. పరాయి ఇలాకాల నుంచి వచ్చినవాళ్ళను పట్టి వెనక్కి పంపడం మొదలుపెట్టారు. నిజాం ఇలాకా వాళ్ళమంటే అక్కడి సర్కారుకు పరాయివాళ్ళమే. ఠాణాలో వరుసగా నిలబెట్టి, ఏ జిల్లా అని అడిగి, కాగితం మీద రాసి, ఆ కాగితం ఎటు చెబితే అటు రైలెక్కించేవాళ్ళు. మా ఊరివాళ్ళు పదకొండు మంది దొరికితే పది మంది ఇంటికొచ్చారు. రానివాడు మా అత్తకు ఒక్కగానొక్క కొడుకు, నాకు బావ.

ఏం జరిగిందో వచ్చినవాళ్ళు చెప్పారు. మన జిల్లాను కాగితాల్లో మహబూబ్‌నగర్ అంటారు, ఇంట్లో మనం పాలమూరు అంటాం. బావ ఠాణాలో పాలమూరు అన్నాడు. గుమాస్తా చెవికి అది పాలన్‌పూర్‌గా వినబడింది. గుజరాతు వైపు ఆ పేరుతో నిజంగానే ఒక ఊరుందట. బావను ఆ రైలెక్కించారు. దిగి ఏమయ్యాడో ఈ రోజుకూ తెలియదు.

వచ్చిన పది మందికైనా సుఖం లేదు. వాళ్ళు వచ్చిన రెండో రోజే దొర మనిషి వెట్టికి రమ్మంటూ ఇల్లిల్లూ తిరిగాడు. కొడుకు కళ్ళబడ్డ సంతోషం తల్లులు పైకి చూపలేకపోయారు. కొందరు పిల్లలను జొన్నచేలో దాచి సద్దిమూట అక్కడికే మోశారు. ఉంటే గడీ పట్టుకుంటుంది, పోతే ఠాణా పట్టుకుంటుంది. ఊరంతటికీ అదే ఫికరు. దానికి తోడు మా అత్త వినేట్టు, "జిల్లా పేరు చెప్పరాని మొద్దు" అని బావను అనేవాళ్ళు. ఆమె తల వంచుకుని పోయేది.

మా అత్తకు పచ్చబొట్లు పొడవడం వచ్చు. ఆడపిల్లల చేతుల మీద చుక్కలు, తేళ్ళు పొడిచేది. ఒకరోజు ఉర్దూ బడి మౌల్వీసాబు దగ్గరికి పోయి, పలక మీద మహబూబ్‌నగర్ అని రాయించుకొచ్చింది. మొదటి అక్షరం అలిఫ్ కూడా తెలియని మనిషి, ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు ఆ పలక చూసి ముందు తన ముంజేతి మీదే పొడుచుకుని నేర్చుకుంది. ఆ తర్వాత ఊరు దాటే ఏ పిల్లవాడినీ వదలలేదు.

నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు నా వంతు వచ్చింది. నేను నాలుగేళ్ళు మౌల్వీసాబు దగ్గర చదివినవాణ్ణి, తప్పులు పట్టడం అలవాటు. మసి, ఆకుపసరు కలిపి, మూడు సూదులు కట్టి, నాకు ఎదురుగా కూర్చుని పొడుస్తుంటే, "అత్తా, తలకిందులు రాసినవ్" అన్నాను.

"నువ్వు సదువనీకి గాదు అల్లుడా," అంది సూది ఆపకుండా. "నిన్ను సదివెటోనికి."

అన్నం తింటుంటే హఠాత్తుగా, "ఏ జిల్లారా?" అని అడిగేది. పాలమూరు అన్నవాడి కంచం గుంజుకునేది. నవ్వేవాళ్ళం. ఆమె నవ్వేది కాదు. "నోరును నమ్మకుండ్రి. భయమైతే నోరు ఇంటికి ఉరుకుతది" అనేది.

రెండేళ్ళకు బొంబాయిలో నేనూ దొరికాను. ఆ వరుసలో నిలబడ్డంతసేపూ మహబూబ్‌నగర్, మహబూబ్‌నగర్ అని లోపల అనుకుంటూనే ఉన్నాను. గుమాస్తా తలెత్తకుండా ఏ జిల్లా అన్నాడు. నా నోరు పాలమూరు అంది. అన్నది నేనేనని నమ్మలేకపోయాను. కలం కదిలింది. రెండక్షరాలు పడ్డాయి. అంగీ చేయి పైకి లాగి నా చెయ్యి అతని కాగితం మీదే పెట్టాను. అతను విసుక్కుని, పక్కనున్న ఉర్దూ వచ్చిన జవానును పిలిచాడు. జవాను వంగి పైకి చదివాడు. గుమాస్తా రాసింది కొట్టేశాడు.

తాండూరులో దిగి ఇంటికి పోకుండా నేరుగా అత్త దగ్గరికే పోయాను. పిండి చేతులతో బయటికొచ్చి నన్ను తడిమి చూసి, మొదటి మాటే, "నోరేమన్నది?" అని అడిగింది.

అబద్ధం చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను. "పాలమూరన్నది అత్తా."

"సదువుకున్నోనివి గద!"

"అయినా గంతే అన్నది."

ఆమె గడప మీద కూలబడింది. "గట్లయితే నా కొడుకు మొద్దు గాదు" అంది. కాసేపటికి లేచి, నా చెయ్యి పట్టుకుని గల్లీ అంతా తిప్పింది. "ఇనుండ్రి! గీ సదువుకున్నోని నోరు గూడ పాలమూరే అన్నదంట!" అని ఇంటింటికీ చెప్పింది. అందరూ నన్ను చూసి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆమె అంత సంతోషంగా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఇప్పుడు ఇలాకా అంతా అల్లకల్లోలంగా ఉంది. రైలు ఏ రోజు నడుస్తుందో, హద్దు దగ్గర ఎవరిని ఎటు తోస్తారో తెలియదు. అయినా మా తమ్ముడు వచ్చే వారం పోక తప్పదు, గడీ నుంచి పిలుపు వచ్చింది. అత్త సూదులు, పలక నా దగ్గరే ఉన్నాయి. ఉర్దూలో ఒక్క చుక్క అటూ ఇటూ అయితే అక్షరమే మారిపోతుంది. చదువు వచ్చిన నేను సూదులు చేతిలోకి తీసుకుని మళ్ళీ పలక మీదే పెట్టేస్తున్నాను. అత్తకు ఎలా సాధ్యమైందో అడిగి తెలుసుకోని నా తెలివితక్కువతనానికి ఇవాళ ఏడుపొస్తోంది.

అత్త పోయిన రోజు ఆమెకు స్నానం చేయిస్తున్న ఆడవాళ్ళు నన్ను లోపలికి పిలిచారు. ముంజేతి మీది మహబూబ్‌నగర్ వాళ్ళందరికీ తెలిసిందే. కానీ రవిక చేయి కప్పే చోట, మోచేతికి పైన, ఇంకొక మాట ఉంది. "జర సూడు, గీడేమి రాసుకున్నదో" అన్నారు. ఎదురుగా కూర్చుంటే అక్షరాలు నాకు తలకిందులుగా కనబడ్డాయి. లేచి ఆమె తల వైపు పోయి, ఆమె చూసుకున్నట్టే కిందికి చూశాను. మౌల్వీసాబుతో ఎప్పుడు రాయించుకుందో, ఎవరూ చదవకుండా తన వైపే తిప్పి పొడుచుకుంది.

ఏముందని ఆడవాళ్ళు మళ్ళీ అడిగారు. చదివి చెప్పాను.

పాలమూరు.