ఏసుపాదం గారి చెయ్యి, బబ్లూ తల

2022 ఎండాకాలం. సత్తుపల్లిలో ఉంటూ చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి కుక్కలకు ట్రైనింగ్ ఇవ్వడం నా పని. అశ్వారావుపేట నుంచి సుగుణమ్మ గారనే నర్సు ఫోన్ చేశారు. వాళ్లది టౌను చివర, పామాయిల్ తోటలకు ఆనుకుని ఉన్న ఇల్లు. భర్త ఏసుపాదం గారు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. టీకొట్టు దగ్గర దెబ్బలు తింటున్న కుక్కను ఇంటికి తెచ్చి, బబ్లూ అని పేరు పెట్టింది ఆయనే. కానీ ఆయన్ను చూస్తే చాలు, బబ్లూ మంచం కిందికి దూరేది.

ఇలాంటి కుక్కను మేము ‘హ్యాండ్ షై’ అంటాం. చెయ్యి కదిలితే దెబ్బ పడుతుందనే అనుకుంటుంది. నేను నేల మీద పక్కకు తిరిగి కూర్చుని, అరచెయ్యి మోకాలి మీద తెరిచి పెట్టేదాన్ని. తనంతట తాను వచ్చి ముక్కు తాకిస్తే ఒక కోడి ముక్క. దీన్ని ‘టార్గెటింగ్’ అంటారు. పిలవను, పట్టుకోను. రావడం, పోవడం దాని ఇష్టం. కొన్నాళ్లకు నా గొంతు వినగానే గేటు దాకా పరుగెత్తుకొచ్చేది.

అది చూసి ఏసుపాదం గారి మొహం మాడిపోయేది.

“మందు పెట్టినవా ఏంది బిడ్డా? నా ఇంట్ల తిని నీకు తోకూపుతాంది.”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ రోజు నాకిచ్చిన టీలో చక్కెర లేదు.

“వచ్చే ఆదివారం దాకా చూస్త. నా దగ్గరికి రాకుంటే మా బామ్మర్ది తోటల కట్టేసి వస్త. తోటకు కావలికన్న ఉంటది,” అన్నారు.

తోటలో గొలుసు పడితే, గెలలు కోసే పొడుగు కర్రల మధ్య ఆ కుక్క ఇక మనిషిని నమ్మదు. నాకు భయం పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే, సుగుణమ్మ గారు డ్యూటీకి బయల్దేరే వేళకు వెళ్లాను.

ఆ ఇంట్లో ఎవరు గడప దాటినా ఏసుపాదం గారు నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపుతారు. సుగుణమ్మ గారు తల వంచారు. ఆమెకు ప్రార్థన చేయడం అయ్యాక ఆయన బబ్లూ వైపు తిరిగి, కళ్లు మూసుకుని, అదే చెయ్యి దాని తల మీదకు చాచారు. బబ్లూ నేలకు కరుచుకుపోయి అక్కడే ఉచ్చ పోసేసింది.

“రోజూ ఇట్లనే చేస్తరా అంకుల్?”

“రోజూ. నేను దాని కోసం ప్రార్థన చేస్తాంటే అది నన్ను సైతాను లెక్క చూస్తది.”

పైనుంచి వచ్చే చెయ్యి దానికి దీవెన కాదు, దెబ్బ అని చెప్పాను. ప్రార్థన మానొద్దని, చెయ్యి మాత్రం కింద తెరిచి పెట్టమని అన్నాను.

“గట్లెట్ల? అడుక్కున్నట్టుంటది.”

“ప్రార్థనంటే అడుక్కునుడే కదా,” అన్నారు సుగుణమ్మ గారు చెప్పులు వేసుకుంటూ.

ఆయన నేల మీద కూర్చున్నారు. మోకాళ్ల నొప్పులకు మూలుగుతూనే, రోజూ. ఆదివారం వచ్చింది, పోయింది. బామ్మర్ది ఊసు ఎవరూ ఎత్తలేదు. తొలకరి పడ్డాక ఒక పొద్దున, ప్రార్థన సగంలో ఉండగా, బబ్లూ వచ్చి ఆయన అరచేతిలో గడ్డం ఆనించింది. ఏసుపాదం గారు ఆమెన్ అనలేకపోయారు.

నేను ముక్కల డబ్బా తెరిచి “బబ్లూ” అన్నాను. ఒక చెవి నా వైపు తిప్పింది. లేవలేదు. నా కడుపు మండిపోయింది. నేర్పింది నేను, చేరేది ఆయన దగ్గరికా!

“కుళ్లుగున్నదా బిడ్డా?” అన్నారాయన, తడి కళ్లతోనే నవ్వుతూ.

“అవ్ అంకుల్,” అన్నాను.

ఆ రోజు టీ పాకంలా ఉంది.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా, వాళ్లు కోపమొస్తే చెయ్యెత్తుతారా అని మాత్రమే అడగను. ప్రేమొస్తే ఎలా ఎత్తుతారో కూడా చూస్తాను. ఇక కుక్క నన్ను వదిలి ఇంటివాళ్ల దగ్గరకు పోయిన రోజున ఇప్పటికీ కడుపు మండుతుంది. అలా మండే రోజు రాలేదంటే, అక్కడ నా పని ఇంకా మిగిలి ఉన్నట్టే.