సంపూర్ణమ్మ గిల్లేసిన పచ్చ చిగుళ్లు

సంపూర్ణమ్మ కూతురు ప్రసన్న ఏడేళ్లు బతికింది. ఆ పిల్ల ఈ భూమ్మీద ఉండేదని చెప్పడానికి ఒక్క ఆధారం లేదు. ఫొటో తీయించే తాహతు ఎప్పుడూ లేదు. రేపు మాపు బడిలో వేద్దామనుకుంటుండగానే జ్వరం తగిలి నాలుగు రోజుల్లో పోయింది. రెండేళ్లు తిరక్కుండా మొగుడూ పోయాడు. దాంతో ఆ పేరు పలికే రెండో నోరు కూడా లేకుండా పోయింది. పిల్ల ఎలాగూ పోయింది, పేరన్నా మిగలొద్దా అని సంపూర్ణమ్మ కడుపుమంట. ఎవరికి చెప్పుకుంటుంది? చెప్పినా ఎవరు వింటారు? నర్సరీల ఊరు కడియంలో తెల్లారిందంటే ఎవరి పరుగు వాళ్లది.

ఆవిడ అప్పాజీ గారి నర్సరీలో అంట్లు కట్టేది. కొమ్మ మీద బెరడును ఉంగరంలా ఒలిచి, తడి నాచు పెట్టి, పాలిథిన్ కాగితం చుట్టి, పురికొసతో బిగించడం. చూసేవాళ్లకు ఇంతే, ఇందులో ఏముంది అనిపిస్తుంది. వచ్చి కట్టి చూడండి మరి! వందలో సగం కుళ్లిపోతాయి. సంపూర్ణమ్మ వంద కడితే తొంభై అయిదు వేళ్లు పోసేవి. బెరడు ఒలిచే ఆవిడ కత్తి ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకునేది కాదు.

తొంభై నాలుగులో, శ్రావణ మాసం. వారం రోజులుగా ముసురు. పూలమొక్కకైతే ఓ కాలం ఉంటుంది, కొన్నాళ్లు పూసి ఊరుకున్నా ఎవరూ ఏమీ అనరు. క్రోటన్‌కు ఆ వెసులుబాటు లేదు. ఏడాది పొడుగునా ఆకుల్లోనే రంగు చూపించాలి. కానీ ముసురు పట్టిందంటే చాలా రకాలు మొహం వేలాడేస్తాయి. అలాంటి రోజుల్లో, కాలవగట్టు వైపు వరసలో, మామూలు క్రోటన్ చెట్టుకు ఒకే ఒక్క కొమ్మ పండుమిరపకాయ రంగులో మెరుస్తూ కనబడింది సంపూర్ణమ్మకు. అటూ ఇటూ చూసి, గొడుగు పక్కన పడేసి, ఆ కొమ్మకు అంటు కట్టేసింది.

వేళ్లు పోశాక కుండీలో పెట్టి అప్పాజీ గారికి చూపించింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"బాగా పట్టావే! చీర కొనిపెడతాను సంపూర్ణమ్మా." ఆ నర్సరీలో కొత్త రకం కనిపెట్టినవాళ్లకు కొత్త బట్టలు పెట్టడం ఆయన తండ్రినాటి ఆనవాయితీ.

"చీరొద్దండి."

"మరేం కావాలి?"

"దీనికి పేరు నన్ను పెట్టనివ్వండి."

అక్కడున్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. అప్పాజీ గారు నవ్వలేదు. "ఏం పేరు?" అని అడిగారు.

"ప్రసన్నండి. మా పిల్ల పేరు."

ఆయన కుండీ వైపు ఇంకోసారి చూశారు. "సరే. కానీ మూడు వానాకాలాలు చూద్దాం. మూడేళ్లూ ఇదే రంగు నిలబడితే నీ పిల్ల పేరే బోర్డు మీద రాయిస్తాను. పచ్చబడితే మాత్రం పీకించేస్తాను. ఆ పైన నన్నేమీ అనకూడదు."

"ఆయ్, అలాగేనండి" అంది.

మొదటి వానాకాలం దాటింది. రంగు చెక్కుచెదరలేదు. రెండో ఏడు ఆషాఢంలో, కాండం మొదట్లో చిన్న చిగురొకటి వచ్చింది. పచ్చగా. లేత కొత్తిమీరలా పచ్చగా! కొమ్మ పుట్టిన తల్లి చెట్టు గుణం మళ్లీ తన్నుకొస్తోందని సంపూర్ణమ్మకు తెలీదా? ఇలాంటి చిగురును వదిలేస్తే ఎర్ర కొమ్మను తొక్కేసి అదే చెట్టయి కూర్చుంటుంది. చూసినవాళ్లెవరూ లేరు. గోటితో పుటుక్కున గిల్లి రొంటిన దోపుకుంది.

ఆ రోజు నుంచి అందరికంటే ముందొచ్చేది. మొక్క చుట్టూ తిరిగి, ఎక్కడ పచ్చ చిగురు కనబడితే అక్కడ గిల్లేసేది. పిల్ల ముక్కు తుడిచినంత మామూలుగా. అది మోసమని ఒక్కనాడూ అనుకోలేదు. ఏ పిల్లకు మాత్రం వంకలుండవు? నలుగుర్లోకి పంపే ముందు ఏ తల్లి మొహం కడగదు? ఇలా తనకు తానే సర్దిచెప్పుకుంది, పిచ్చి తల్లి.

మూడేళ్లు దాటాయి. అప్పాజీ గారు మాట తప్పే మనిషి కాదు. అంట్లకు తల్లి మొక్కగా ఉంచిన ఆ మొదటి దాని పక్కన రేకు బోర్డు పాతించారు. గుమస్తా చదివి వినిపించాడు, 'ప్రసన్న' అని. సంపూర్ణమ్మ ఆ మూడు అక్షరాలనూ కొంగుతో తుడిచింది. వాటి మీద దుమ్మేమీ లేదు. తుడవాలనిపించింది, తుడిచింది.

ఆ తర్వాత నాలుగేళ్లూ ఆవిడ మారాణే. కొనేవాళ్లు వచ్చి, "ప్రసన్న ఉందాండీ?" అని అడిగేవారు. "ప్రసన్న ఓ యాభై లోడ్ చెయ్యండి" అని గుమస్తా కేకేసేవాడు. కూలివాళ్లు పొద్దున్నే, "ప్రసన్నకు నీళ్లు పెట్టారా?" అని అడిగేవారు. ఆ మాట చెవిన పడితే చాలు, సంపూర్ణమ్మకు ఆ పూట అన్నం సయించేది. నర్సరీలో ఉన్న ప్రతి ప్రసన్ననూ తనే చూసుకునేది, తనే గిల్లేది. అమ్ముడుపోయినవి ఎక్కడో ఒకటీ అరా పచ్చబడ్డా, నీళ్లు తేడా అనుకున్నారో ఏమో, వెనక్కి వచ్చి అడిగిన నాథుడు లేడు.

రెండువేల ఒకటిలో హైదరాబాదు నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. ఏదో కొత్త కాలనీ, రోడ్డు పొడుగునా ఎర్ర కంచె వెయ్యాలట. నాలుగు వేల మొక్కలు కావాలన్నాడు. సంపూర్ణమ్మ ఏడాదిపాటు రెక్కలు ముక్కలు చేసుకుని కట్టింది. లారీకి ఎక్కించే రోజున మాత్రం భయం పట్టుకుంది. అక్కడ వీటిని ఎవరు గిల్లుతారు? అప్పాజీ గారు లారీ పక్కనే నిలబడి ఉన్నారు. చెప్పేద్దామని నాలుగడుగులు వేసింది. చిగుళ్లు గిల్లుతుండాలండీ అంటే సరిపోతుంది. ఒక్క ముక్క.

అంతలో లారీ డ్రైవరు, "ఏం మొక్కలమ్మా ఇవి? భలేగున్నాయి" అన్నాడు.

"ప్రసన్నండి" అంది సంపూర్ణమ్మ. మొహం విచ్చుకుంది. ఇంతమంది ప్రసన్నలు ఊరేగింపుగా వెళ్తుంటే, అందులో వంక ఉందని ఏ నోటితో చెబుతుంది? చెప్పలేదు. లారీ వెళ్లిపోయింది.

మరుసటేడు వానలు వెనకబట్టాక కాంట్రాక్టరు ఫొటోలు పట్టుకుని దిగాడు. "ఎర్ర కంచె అన్నారు కదండీ, చూడండి!" అని బల్ల మీద విసిరాడు. రోడ్డు పొడుగునా పచ్చగా, ఏ పొలంగట్టు మీదైనా ఊరికే దొరికేంత మామూలు కంచె. అక్కడక్కడ, అడుగున, నాలుగు ఎర్ర ఆకులు. "మీ ప్రసన్న మా పరువు తీసిందండీ" అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. వాటిలో ప్రసన్నకు ముందూ వెనకా తగిలించిన మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు.

అతను వెళ్లాక అప్పాజీ గారు సంపూర్ణమ్మను పిలిచారు. "నిజం చెప్పు. మామూలు కొమ్మలు కలిపేశావా?"

"లేదండి. అన్నీ దాని కొమ్మలేనండి." అని, తనే అసలు సంగతి చెప్పింది. "అది మొదట్నుంచీ పచ్చబడేదండి. నేనే రోజూ గిల్లేసేదాన్ని."

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండో ఏటి నుంచండి."

ఆయనకు కోపం రావలసింది. రాలేదు, అదే ఆవిడకు ఎక్కువ బాధనిపించింది. ఆయన కుర్చీలో కూలబడి తల పట్టుకున్నారు.

"ఎంత పని చేశావమ్మా! ఆ ఒక్క ముక్క చెబితే ఏం పోయేది? పచ్చ చిగుళ్లు గిల్లుతూ ఉండండి అని కాగితం మీద రాసిచ్చేవాళ్లం. శ్రద్ధ ఉన్నవాళ్లు గిల్లుకునేవాళ్లు. లేనివాళ్లు కొనడం మానేసేవాళ్లు. మొక్క నిలబడేది, పేరూ నిలబడేది."

"పీకించేస్తానన్నారు కదండీ" అంది సంపూర్ణమ్మ.

"అన్నాను" అన్నారాయన.

మర్నాడు తల్లి మొక్కను పీకేశారు. బోర్డును పాకలో గోడవారగా పడేశారు. సంపూర్ణమ్మను పొమ్మనలేదు కానీ, కత్తి తీసేసుకుని కవర్లలో మట్టి నింపే పనికి పెట్టారు. అంతకంటే పొమ్మనడమే నయం. నాలుగు నెలలు మట్టి నింపి, ఇక అక్కడ మొహం చెల్లక వీరవరం వైపు ఇంకో నర్సరీలో కూలికి కుదిరింది. అక్కడ ఆవిడెవరో ఎవరికీ తెలీదు. హాయి అనుకుంది.

రెండువేల అయిదులో, ఓ ఉదయం. కొత్త మేస్త్రి వరసల వెంట నడుస్తూ, ఒకచోట ఆగి కేకేశాడు. "ఈ వరస ప్రసన్నయిపోయింది. పీకి అవతల పారెయ్యండి."

సంపూర్ణమ్మ తట్ట కింద పెట్టింది. "ఏమయ్యిందన్నారండి?"

"ప్రసన్నయిపోయిందమ్మా. రంగు పోయి పచ్చబడిపోయిందని. ఈ పనికి కొత్తా ఏంటి నువ్వు?"

"ఆ మాట ఎక్కడిదండి?"

"ఏమోనమ్మా. ఈ పక్క అన్ని నర్సరీల్లోనూ ఇలాగే అంటారు. ఎప్పట్నుంచో ఉన్న మాటే." అతను ముందుకు వెళ్లిపోయాడు.

పక్కవాళ్లు వంగి పీకడం మొదలుపెట్టారు. ఆవిడా వంగింది. మొదటిది పీకింది, రెండోది పీకింది. పిల్ల పేరు నలుగురి నోళ్లలో నానాలని కోరుకుంది. నానుతోంది. ఇక ఈ పేరు పోదు. కడియంలో మొక్కలున్నన్నాళ్లూ పోదు.

"ఆ చివర మొక్క ఎలా ఉంది చూడమ్మా?" అని మేస్త్రి దూరం నుంచి అరిచాడు.

సంపూర్ణమ్మ చూసింది. అడుగున మూడు ఆకులు ఎర్రగా ఉన్నాయి. మిగతాదంతా పచ్చ. గిల్లితే నిలబడుతుంది, గోరు చిగురు దాకా వెళ్లింది కూడా.

"ఇదీ ప్రసన్నయిపోయిందండి" అంది, పీకేసింది.