ముఖమల్ కింద మామిడి పలక

ఖాసిం అన్న చేసిన గాలపు కర్ర నా వల్ల విరిగింది. ఈ ఒక్క మాటను ఇన్నేళ్లు గుండెల మీద పెట్టుకుని తిరిగాను. నా భార్యకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. అది కూడా పిరికితనమేనా?

నేను తెనాలిలో వడ్రంగిని. తలుపులు, మంచాలు అందరూ చేస్తారు. నాకు పేరొచ్చింది గాలపు కర్రల పెట్టెల వల్ల. వెదురు కర్రను మూడు ముక్కలుగా విడదీసి పడుకోబెట్టే పొడవాటి చెక్కపెట్టె. లోపల ముఖమల్ గుడ్డ, బయట ఇత్తడి గొళ్లెం. ఆదివారాలు సూర్యలంక సముద్రానికి వెళ్లే గుంటూరువాళ్లు కూడా దారి మళ్లి నా కొట్టుకు వస్తారు. "నీ పెట్టెలో పెడితే కర్రకు చావు లేదంటగా," అంటారు. అలా అన్నప్పుడల్లా నేను చేతిలో ఏ పనీ లేకపోయినా చిత్రిక అందుకుంటాను.

పెట్టెలు చేయించి నాకు ఆ పేరు తెచ్చిందే ఖాసిం అన్న. ఆయనది రేపల్లె. ఆయన వెదురు కొనడం చూసి తీరాలి. కణుపు కణుపునూ వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మోపులో ఒక్కటి ఏరి మిగతావి వెనక్కి ఇచ్చేసేవాడు. నీళ్లలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, ఊక పొగలో నెలల తరబడి వేలాడదీసి, సన్నని సెగ మీద వంపులు తీసేవాడు. ఆయన కర్ర పట్టుకుంటే నీళ్ల అడుగున చేప ఎరను ముట్టుకోవడం కూడా మణికట్టుకు తెలిసేది. అంతటి పని మళ్లీ నేను చూడలేదు. ఇక చూడను కూడా.

బాపట్ల దగ్గర రత్తయ్యగారని ఒక రైతు ఉండేవారు. కాలవ గట్టున కూర్చుని గాలం వేయడం ఆయనకు ప్రాణం. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎడంచేత్తో వేసుకునేలా ఒక కర్ర చేసిపెట్టమని ఖాసిం అన్నను అడిగారు. అన్న ఏం చేశాడో తెలుసా? తన కుడిచేతిని తువ్వాలుతో నడుముకు కట్టేసుకుని, కాలవ దగ్గరికి వెళ్లి రోజూ ఎడంచేత్తో గాలం వేశాడు. గట్టున పోయేవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

"నవ్వనీ తమ్ముడూ. ఆయన చెయ్యి ఎలా ఉంటదో నాకు తెలియాలి కదా," అన్నాడు.

ఆ కర్ర పూర్తయ్యాక నా చేతికిచ్చాడు. నాది కుడిచేతివాటం. అయినా ఎడంచేతిలోకి తీసుకోగానే చెయ్యి దానంతటదే లేచింది.

"పెట్టె మొత్తం టేకే వెయ్యి. అడుగు పలక కూడా. నీ చెయ్యి మీద నాకు నమ్మకం," అన్నాడు.

సరేనన్నాను. అప్పుడే ఒక కొత్త ఇంటి తలుపుల పని మీద ఉన్నాను. వాళ్ల గృహప్రవేశం ముంచుకొస్తోంది. టేకు చాలావరకు వాటికే పోయింది. మిగిలినదాంట్లో పెట్టెకు పక్కలూ మూతా వచ్చాయి, అడుగు పలక రాలేదు. మూలన ఒక మామిడి పలక ఉంది. తీసి చూస్తే సూది మోపినట్టు సన్నని చిల్లులు. తట్టితే పిండి రాలింది. పుప్పి. మామిడిని తినే ఆ పురుగు వెదురును వదలదని వడ్రంగి ఇంట్లో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. చిల్లుల్లో లప్పం కూరాను. పైన ముఖమల్ అంటించాను.

పురుగు ఎప్పుడో చచ్చి ఉంటుందిలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక అలా అనుకున్నానని ఇన్నేళ్లుగా నాకు నేనే చెప్పుకుంటున్నానా? చచ్చిందని నమ్మినవాణ్ణి లప్పం ఎందుకు పెట్టాను?

ఆ చలికాలమంతా రత్తయ్యగారు పసిపిల్లాడిలా సంబరపడ్డారు. ఎండాకాలం కాలవలు ఎండాయి. కర్ర పెట్టెలోకి వెళ్లింది. మళ్లీ నీళ్లు వదిలాక గట్టుకు వెళ్లిన మొదటిరోజే పెద్ద బొచ్చె చేప పడింది. ఆయన ఒక్క లాగు లాగారు. కర్ర నడిమికి విరిగింది. ఆయన అదుపు తప్పి కాలవలోకి జారిపోయారు. పక్క పొలంలో మనుషులు పరుగెత్తుకొచ్చి పైకి లాగారు. ప్రాణానికి ఏమీ కాలేదు. కానీ ఆయన మళ్లీ గాలం పట్టలేదు.

విరిగిన ముక్కలు, పెట్టె తీసుకుని కారులో రేపల్లె వచ్చారు. ఖాసిం అన్న కబురు పెడితే నేనూ వెళ్లాను.

"ఏంటయ్యా ఖాసిం, ఇలా అయింది?" అన్నారు రత్తయ్యగారు. కోపంగా కాదు, దిగులుగా.

అన్న విరిగిన కొసను వేళ్లతో నలిపాడు. అరచేతిలో పిండి రాలింది. దానివంకే చూశాడు.

"పుప్పండి. నా వెదురులోనే ఉన్నట్టుందండి. పొగ చాల్లేదు."

"పెట్టెలోంచి పట్టలేదు కదా?" రత్తయ్యగారు నా వైపు తిరిగారు.

నేను నోరు విప్పేలోపే అన్న అందుకున్నాడు. "లేదండి. తమ్ముడు మొత్తం టేకే వేశాడు. తప్పు నాదేనండి."

ఆయన ఎంత నమ్మకంగా చెప్పాడంటే, నేను ఊరుకున్నా సరిపోయేది. ఊరుకోలేదు.

"అవునండి, అంతా టేకేనండి," అన్నాను.

రత్తయ్యగారు వెళ్లాక, అన్న దొడ్లో పొగకు వేలాడదీసిన వెదుళ్లన్నీ కిందికి దించాడు. అన్నిటికీ పుప్పి పట్టి ఉంటుందని ఆయన భయం. పోగుపెట్టి నిప్పంటించాడు. ఏరి ఏరి తెచ్చుకున్న వెదుళ్లు. కణుపులు టపటపా పేలుతుంటే ఆయన పక్కనే నిలబడ్డాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

"నా చెవే నన్ను మోసం చేసింది తమ్ముడూ," అన్నాడు. ఆ తర్వాత ఆయన ఒక్క గాలపు కర్ర కూడా చేయలేదు. నిచ్చెనలు, కోళ్లగంపలు చేసుకుని బతికాడు. ఆ పెట్టెను నేనే ఇంటికి తెచ్చి, పలక ఊడదీసి పొయ్యిలో పెట్టాను. కర్ర విరిగినా పెట్టె చెక్కుచెదరలేదన్న మాట ఊరూరా పాకింది. నా పని పెరిగింది.

రత్తయ్యగారు పోయారన్న కబురు మొన్నామధ్య వచ్చింది. ఆ వారంలోనే రేపల్లె బండెక్కాను. అన్న అరుగు మీద కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. చీలిక మాత్రం వంకర పోవడం లేదు. నిలబడే చెప్పేశాను. మామిడి పలక, లప్పం, ముఖమల్, అబద్ధం. కత్తి ఆగింది.

"అయితే ఆ వెదురు మంచిదే," అన్నాడు.

"మంచిదే అన్నా."

"తగలబెట్టినవి?"

"అవీ మంచివే."

కళ్లు మూసుకున్నాడు. కన్నీళ్లు వస్తాయనుకున్నాను, తిడతాడనుకున్నాను. రెండూ కాలేదు.

"రత్తయ్యగారు ఉండగా చెప్పాల్సింది," అన్నాడు. మళ్లీ కత్తి తీసుకున్నాడు. "బండి టైమవుతుంది. వెళ్లు."

తమ్ముడూ అనలేదు. నేను క్షమించమని అడగలేదు, ఆయన క్షమించాననీ అనలేదు.

ఇప్పుడు కొట్టుకు ఎవరొచ్చి పెట్టె అడిగినా, ముందు ఈ సంగతే చెబుతున్నాను. కొందరు విని, కర్ర చంకలో పెట్టుకుని వెళ్లిపోతున్నారు. నేను ఆపడం లేదు.