నా విడాకులకు నేనే ప్లీడరు

ప్లీడరు లేకుండా సొంతంగా విడాకులు తీసుకుందామని మీలో ఎవరైనా అనుకుంటుంటే, ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి. నేను ఆ పని చేశాను. విడిపోవడానికి ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్న కేసది. అడ్డు చెప్పేవాడు ఒక్కడూ లేడు. అలాంటి కేసులో కేవలం నా తెలివితేటలతో ఆ జంటను దాదాపు ఇంకో ఏడాది పాటు మొగుడూ పెళ్ళాలుగా నిలబెట్టాను. ఇంతటి ఘనకార్యం మా జిల్లాలో ఇంకెవరూ చేసి ఉండరు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. అంతకు ముందు ఒక ఏడు నల్లపాడు దగ్గర మా ఐదెకరాల్లో పత్తి వేస్తే, చెట్లు మనిషెత్తు ఎదిగాయి గానీ ఒక్క కాయ లేదు. నకిలీ విత్తనాలు. మా ఊళ్ళో మిగతా రైతులు తిట్టుకుని ఊరుకున్నారు. నేను వినియోగదారుల ఫోరానికి వెళ్ళి, ప్లీడరు లేకుండా నేనే వాదించి, ఆ కంపెనీని ఓడించాను. అల్పుడు కేసు గెలిస్తే అర్ధరాత్రి కోర్టు తెరవమన్నాడట! అప్పట్నుంచి ఊళ్ళో ఎవరికి గట్టు తగాదా వచ్చినా నా దగ్గరికి సలహాకి వచ్చేవారు. రాకపోతే నేనే వెళ్ళి చెప్పేవాణ్ణి.

మా ఆవిడ వనజ వినుకొండలో టీచరు. అప్పటికి రెండేళ్ళుగా ఆవిడ అక్కడ, నేను ఇక్కడ. పిల్లల్లేరు. దెబ్బలాటలూ లేవు. దెబ్బలాడాలంటే ఇద్దరు మాట్లాడాలి కదా, మా ఇంట్లో మాట్లాడేది నేనొక్కణ్ణే. ఒక ఆదివారం ఆవిడ బస్సు దిగి ఇంటికొచ్చింది.

"ఏమండీ, అక్కడ చిన్న స్థలం కొన్నాను. ఇల్లు కట్టుకుందామని బ్యాంకుకి వెళ్తే ప్రతి కాయితం మీదా భర్త సంతకం కావాలంటున్నారు. కలిసి ఉండనప్పుడు సంతకాల కోసం మీ చుట్టూ తిరగడం ఏం బాగుంటుంది? మర్యాదగా విడిపోదామండీ. నా ఇల్లు నా సంతకంతో కట్టుకుంటాను."

గుండె కలుక్కుమంది. ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడు మాత్రం, "ఓస్, అంతేనా!" అన్నాను.

"బ్రాడీపేటలో మా స్నేహితురాలి అక్కయ్య ప్లీడరు. ఆవిణ్ణి అడుగుదామా?"

"ప్లీడరెందుకు? నేనున్నాగా!"

"అందుకేనండీ ప్లీడరుని పెట్టుకుందామంటున్నాను."

ఆ వెటకారం నాకు వారం తరవాత అర్థమైంది. "ఆరు నెలల్లో నీ చేతిలో డిక్రీ పెడతాను. పూచీ నాది!" అని మాటిచ్చేశాను. ఆవిడ ఒక్క నిట్టూర్పు విడిచి సరేనంది. పద్నాలుగేళ్ళ కాపురంలో అలాంటి సరేలు ఎన్ని అందో నేనెప్పుడూ పట్టించుకోలేదు.

కోర్టు గేటు పక్కన టైపు మిషన్ పెట్టుకుని కూర్చునే మస్తానయ్య దగ్గరికి వెళ్ళాను. కొత్తగా రాయడం ఎందుకని, నాకు అచ్చొచ్చిన ఆ విత్తనాల ఫిర్యాదు కాపీనే నమూనాగా ఇచ్చాను.

"గురువుగారూ, ఇందులో 'విత్తన కంపెనీ' అని ఉన్నచోటల్లా ఏం కొట్టమంటారు?"

"'భార్య' అని కొట్టవయ్యా."

"'మొలక శాతం' అని ఉందండి."

"అది వదిలెయ్."

"'పురుగుమందు నాలుగుసార్లు పిచికారీ చేసినప్పటికీ'?"

"అదీ వదిలెయ్యవయ్యా! ఆ మాత్రం తెలీదా?"

మస్తానయ్యకి ఆ మాత్రం తెలుసు. అందుకే ఆ రెండూ వదిలేసి మిగతాదంతా కొట్టాడు. మర్నాడు వనజ దాన్ని పైకి చదివింది.

"'సూచనలన్నీ తు.చ. తప్పకుండా పాటించినప్పటికీ సదరు భార్య నుండి ఆశించిన దిగుబడి రాలేదు.' దిగుబడా అండీ?"

"కోర్టు భాష అలాగే ఉంటుంది."

"'కావున నష్టపరిహారమైనా, లేదా అదే రకానికి చెందిన కొత్త సరుకైనా ఇప్పించవలెనని ప్రార్థన.' కొత్త సరుకు ఎవరిస్తారు, జడ్జిగారా?"

టీచరు కదా, సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి పేజీ మొత్తం అడ్డంగా కొట్టేసింది. తనే కూర్చుని, మేమిద్దరం రెండేళ్ళుగా విడిగా ఉంటున్నామనీ, ఇష్టపూర్వకంగా విడిపోతున్నామనీ ఒక పేజీలో పొందిగ్గా రాసింది. కేసు అక్కడితో వదిలేసి ఉంటే గట్టెక్కేది. కానీ పెళ్ళి ఫోటో జత చెయ్యాలన్నారు. మా పెళ్ళి ఆల్బం అటక మీద చెదలు తినేయగా పురోహితుడి పిలక ఒక్కటే మిగిలింది. అప్పుడు నేను బీరువాలోంచి, తురుపుముక్క తీసినట్టు ఒక ఫోటో తీశాను.

ఆ ఫోటో మా పెళ్ళిది కాదు, మా అన్నయ్య కూతురి పెళ్ళిది. అన్నయ్య పోయాడు. కూతుర్ని కని పెంచిన వదినను పీటల మీద కూర్చోనివ్వని శాస్త్రం ఒకటుంది మనకి. దాంతో కన్యాదానం బాబాయి, పిన్ని చెయ్యాల్సొచ్చింది. విడిగా ఉంటున్నా ఆ పిల్ల కోసం వనజ వచ్చి, నా పక్కన కొంగుముడి వేసుకుని కూర్చుంది. ఫోటో మూలన కెమెరా వేసిన ఎర్ర అంకెల్లో తేదీ ఉంది. పిటిషన్ వేసే నాటికి సరిగ్గా రెండు నెలల కిందటి తేదీ.

"ఇది వద్దండీ. కావాలంటే శుభలేఖ ఉందేమో మా అమ్మనడుగుతాను," అంది వనజ.

"నీకేం తెలుసు! ఇద్దరం ఎంత స్పష్టంగా పడ్డామో చూడు. మనం మొగుడూ పెళ్ళాలమని చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం ఉందా?"

లేదు. వచ్చిన చిక్కల్లా అదే.

కోర్టులో జడ్జిగారు ఆ ఫోటోను దగ్గరగా, దూరంగా, మళ్ళీ దగ్గరగా పెట్టుకుని చూశారు.

"కనీసం ఏడాది విడిగా ఉన్నాకే ఈ పిటిషన్ వెయ్యాలని తెలుసా?"

"తెలుసండయ్యా. చట్టం చదివే వచ్చాను."

"మరి రెండు నెలల కిందట ఈ కొంగుముడి ఏంటి?"

వనజ నోరు విప్పింది. "అయ్యా, అది మా బావగారమ్మాయి పెళ్ళండీ. నేను కేవలం ఆ పిల్ల కోసం..."

"నువ్వుండు," అని చెయ్యి అడ్డం పెట్టాను. "కన్యాదానానికి దంపతులుండాలండయ్యా."

"అంటే దంపతులుగానే కూర్చున్నారు."

"ఏదో మొక్కుబడిగా కాదండయ్యా! పది రోజుల ముందే వచ్చేసింది. ఒకే ఇంట్లో ఉండి, పసుపు కొట్టడం దగ్గర్నుంచి అప్పగింతల దాకా ఒక్క మాట తేడా రాకుండా ఇద్దరం నడిపించాం. ఇప్పటికీ మా ఊళ్ళో చెప్పుకుంటారు!"

వెనక నల్లకోట్లలో ఎవరో గట్టిగా దగ్గారు.

"పది రోజులు ఒకే ఇంట్లో, ఒక్క మాట తేడా రాకుండా," అంటూ జడ్జిగారు రాసుకున్నారు. "మరి విడాకులెందుకయ్యా?"

నేను చేతిలో ఉన్న పిటిషన్ కాపీ తిరగేసి, ఆ జవాబు కోసం అందులో వెతకడం మొదలుపెట్టాను.

"పిటిషన్ వెనక్కి తీసుకోండి. ఆ పెళ్ళి నుంచి ఏడాది దాటాక రండి. ఈసారి ప్లీడరుని తెచ్చుకోండి. అమ్మా, మీరిందాక ఏదో చెప్పబోయారు?"

"ఏం లేదండయ్యా," అంది వనజ. "అలవాటే."

కోర్టు మొత్తం నవ్వింది. జడ్జిగారు మాత్రం నవ్వలేదు. విడాకులెందుకన్న ఆయన ప్రశ్నకి జవాబు దొరికినట్టుంది.

బయటికొచ్చాక ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. సంచీలోంచి బ్యాంకు కాయితాలు తీసి, "ఇంకా పది నెలలుంది కదండీ. ఇక్కడ ఒక సంతకం పెట్టండి," అంది. పెట్టాను. ఆ తరవాత పునాదికొకటి, గోడలకొకటి, శ్లాబుకొకటి. ప్రతిసారీ వినుకొండ నుంచి బస్సెక్కి రావడం, మంచినీళ్ళు తాగడం, సంతకం తీసుకుని వెళ్ళిపోవడం. తన సంతకంతో కట్టుకుందామనుకున్న ఇంటి నిండా నా సంతకాలే పడ్డాయి. చాలా సిగ్గేసింది.

గడువు దాటాక బ్రాడీపేట ప్లీడరుగారు ఒకే ఒక్క పేజీ టైపు చేయించి నా ముందు పెట్టారు. నేను కళ్ళజోడు సవరించుకుని, "ఈ రెండో పేరాలో..." అని మొదలుపెట్టాను.

"మీరు చదవకండి," అంది వనజ. "సంతకం పెట్టండి, చాలు."

పెట్టాను. ఆరు నెలలకు డిక్రీ వచ్చింది. అప్పటికి వనజ గృహప్రవేశం అయి పది రోజులైంది.

అందుచేత మహాజనులారా, కోటప్పకొండ మీద ఒట్టేసి ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో మళ్ళీ విడాకులు తీసుకోవలసి వస్తే తప్పకుండా ప్లీడరుని పెట్టుకుంటాను. కోర్టులో నోరు మూసుకుని, పక్కనున్న మనిషి చెప్పేది చివరిదాకా వింటాను. ఈ పని పెళ్ళయిన మర్నాటి నుంచే చేసి ఉంటే అసలు కోర్టు మెట్లే ఎక్కేవాణ్ణి కాదని మీరంటారు. మీరనక్కర్లేదు, అది నాకూ తెలుసు.